డైరెక్టర్ కుర్చీకి 12 లక్షలా?

ప్రశ్న: మావారు ఆర్మీలో 24 ఏళ్లు చేసి హవల్దార్‌గా రిటైరయ్యారు. తోటివాళ్లు బ్యాంకుల్లో సెక్యూరిటీ ఉద్యోగాలు చూసుకుంటుంటే, ఈయన సినిమా డైరెక్టర్ అవుతానంటున్నారు. మొన్న మా అత్తగారు చింతపండు గింజలు తీస్తుంటే గంటసేపు సెల్‌ఫోన్‌లో తీశారు. హైదరాబాద్‌లో ఎవరో ‘12 లక్షలు పెట్టండి, డైరెక్షన్ మీకే’ అన్నారట. అక్కడే గది తీసుకుంటానంటున్నారు. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేచి ఏదో రాసుకుంటారు. పెళ్లయి 18 ఏళ్లు, కలిసున్నది లీవు రోజులే. ఇద్దరు ఆడపిల్లలు. 43 ఏళ్ల మనిషికి ఎలా చెప్పను?
- ఓ సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ 12 లక్షల సంగతి. ఇవ్వొద్దు. డబ్బు కట్టించుకుని డైరెక్షన్ ఇస్తానన్నవాడికి కావలసింది డైరెక్టర్ కాదు, ఫైనాన్సర్. మీవారు కమ్యుటేషన్ తీసుకునుంటే ఆ సొమ్ము బోనస్ కాదు. పెన్షన్‌లో సగం దాకా ముందే అమ్ముకుంటే వచ్చేది. పూర్తి పెన్షన్ మళ్లీ చేతికి రావడానికి 15 ఏళ్లు పడుతుంది, అంటే ఆయనకు 58 రావాలి. ఈ లెక్క మీరు చెబితే అడ్డుపడినట్టుంటుంది. పెన్షన్ కాగితం ముందు పెట్టి ఆయన చేతే వేయించండి.

ఇక సినిమా పిచ్చి అంటారా, నాకైతే అది పిచ్చిలా అనిపించలేదు. ఫౌజీ చేతికి కెమెరా వస్తే తుపాకులు, బాంబులే తీస్తాడనుకుంటాం. ఆయన తీసింది అమ్మ చేతుల్ని. మలయాళంలో మేజర్ రవి గారున్నారు. సైన్యం నుంచి బయటికొచ్చాక మొదట ఆర్మీ సన్నివేశాలకు సలహాదారుగా పనిచేశారు, పెద్ద దర్శకుల దగ్గర పని నేర్చుకున్నారు. ఆ తర్వాతే మోహన్‌లాల్‌తో ‘కీర్తిచక్ర’ తీశారు, 2006లో. మీవారికీ ఆ దారే నయం. యూనిఫాం మీద రిబ్బన్లు ఎటు ఉండాలో, సెంట్రీ ఎలా నిలబడతాడో తెలిసిన మనిషి అవసరం మన సెట్లలో కూడా ఉంటుంది. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు స్క్రీన్‌ప్లే లాంటి వాటిలో షార్ట్ కోర్సులు నడుపుతారు. ఫీజు కట్టి అలాంటిదొకటి చేయనివ్వండి. పోస్టింగుల విషయాలు కథలో పెట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఆర్మీ నేపథ్యంతో తీసేవాళ్లు ఎన్‌ఓసీ, అంటే ‘అభ్యంతరం లేదు’ అనే పత్రం, తీసుకోవాలని రక్షణ శాఖ 2020లోనే సెన్సార్ బోర్డుకు రాసింది.

రాత్రిళ్లు ఉలిక్కిపడటాన్ని సినిమా గొడవలో కలిపేయకండి. అది వేరు. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌కి తీసుకెళ్లండి, మానసిక వైద్యుడికి రిఫర్ చేయమని అడగండి. ‘నాకేం కాలేదు’ అంటారు, ఫౌజీలందరూ అనే మాటే. ‘మీకు కాకపోయినా నాకు నిద్ర పట్టట్లేదు, నాకోసం రండి’ అనండి.

అసలు బాధ మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు: కలిసున్నది లీవు రోజులే. మీ భయం సినిమా కన్నా ఆ హైదరాబాద్ గది గురించి అనిపిస్తోంది. ఇన్నాళ్లూ గ్యాస్ బండ దగ్గర్నుంచి పిల్లల ఫీజుల దాకా ఒక్కరే చూసుకున్నారు. మనిషి ఇల్లు చేరాడనుకునేసరికి మళ్లీ పెట్టె సర్దుతున్నాడు. ఆయనతో డబ్బు గురించి వాదిస్తున్నారు గానీ, ఈ మాట చెప్పారా? చెప్పలేదనే అనుకుంటున్నాను. చెప్పండి. కోపంగా చెప్పినా ఫర్వాలేదు.

ఈ ఏడాదికి కృష్ణానగర్ గది వద్దు, ఊళ్లోనే తియ్యమనండి. ఇంట్లో ఒక ఫోను, పెద్దమ్మాయి సాయం చాలు. ఆ గంట వీడియోని అయిదు నిమిషాలకు కుదించి, మీ అత్తగారికీ మీకూ చూపించమనండి. కుదించడంలోనే ఆయనకు పని వచ్చో రాదో సగం తెలిసిపోతుంది. మీరేమో పక్కన ఫోన్ చూసుకోకుండా చివరిదాకా చూడండి. ఎక్కడ విసుగొచ్చిందో మొహమాటపడకుండా చెప్పండి.