నెల ఉందనుకుంటున్నారా?

ప్రశ్న: సార్, యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి ఏడాదైంది. మొదటిసారి రీసెర్చ్ గ్రాంట్‌కి ప్రపోజల్ పెడుతున్నా. గడువు ఇంకా నెల ఉంది. 11 పేజీలు రాశాను, అందులో 8 పేజీలు ఇంతకుముందు ఎవరెవరు ఏం చేశారన్నదే. బడ్జెట్ చివర్లో చూసుకుందాం అనుకుంటున్నా. సరిగ్గానే వెళ్తున్నానా?
– పేరు వద్దన్న ఒక పాఠకురాలు

జవాబు: నెల ఉందంటున్నారు గానీ అంత లేదమ్మా. మీరు చూసిన తేదీ డబ్బులిచ్చే వాళ్లది, చాలా స్కీముల్లో దరఖాస్తు పెట్టేది మీరు కాదు, మీ యూనివర్సిటీ, అంటే రీసెర్చ్ ఆఫీసు వాళ్లు చూసి సంతకం పెట్టాల్సిన వాళ్లు పెట్టాకే అది పైకి పోతుంది, అందుకని వాళ్లు కొన్ని రోజుల ముందే ఇమ్మంటారు. ఆ సంతకం పెట్టే ఆయన సరిగ్గా ఆ వారమే సెలవులో ఉంటాడు, ఇది మాత్రం నేను రాసిస్తా. ముందు ఆఫీసుకి ఫోన్ చేసి వాళ్ల తేదీ ఎప్పుడో కనుక్కోండి.

ఇక ఆ 8 పేజీలు. రివ్యూయర్ ముందు ఇంకో పది ప్రపోజల్స్ ఉంటాయి, మీరెంత చదివారో ఆయనకి అక్కర్లేదు. ఏది ఇంకా తేలలేదు, మీరు ఏం చేసి తేలుస్తారు, తేలితే ఏంటి, ఇది మొదటి పేజీలోనే కనపడాలి. అమెరికాలో వైద్య పరిశోధనలకి డబ్బులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ వాళ్లు 'స్పెసిఫిక్ ఎయిమ్స్'కి, అంటే ఏమేం సాధించాలనుకుంటున్నారో చెప్పడానికి, ఒక్క పేజీయే ఇస్తారు, వాళ్లిచ్చే ఆర్‌01 అనే గ్రాంట్‌కి రీసెర్చ్ స్ట్రాటజీ, అంటే ఆ పని ఎందుకు, ఎలా చేస్తారన్నది, మొత్తం 12 పేజీల్లో ముగించాలి. మీరు ఎక్కడ పెట్టినా సరే ఆ ఒక్క పేజీ ముందు రాయండి. మొదటి ఎయిమ్ దెబ్బతింటే మిగతావన్నీ కూలిపోయేలా మాత్రం పెట్టకండి.

బడ్జెట్ చివర్లోనా! నేను చేసిన నిర్వాకం చెప్తా వినండి. మెథడ్స్‌లో 240 శాంపిల్స్ అని గొప్పగా రాశా, కెమికల్స్ లెక్క మాత్రం పాత డ్రాఫ్ట్‌లో 80కి వేసింది అలాగే ఉండిపోయింది. "మిగతా 160 దేనితో చేస్తారు?" అని రివ్యూలో ఒక్క లైను వచ్చింది, అంతే, అక్కడితో అయిపోయింది. అందుకే మెథడ్స్ రాస్తున్నప్పుడే పక్కన ఎక్సెల్ షీట్ తెరిచిపెట్టుకోండి, అక్కడ అంకె మారితే ఇక్కడా మార్చండి. ఎక్విప్‌మెంట్‌కి కొటేషన్లు ఇప్పుడే అడగండి, అవి రావడానికి టైమ్ పడుతుంది. కరెంటు, ఆఫీసు లాంటి ఖర్చుల కింద యూనివర్సిటీకి పోయే ఓవర్‌హెడ్ ఎంత, ఏ ఖర్చుల మీద లెక్క కడతారో ఆఫీసులోనే అడగండి, అది మర్చిపోతే ఆఖరి రోజు రీసెర్చ్ ఫెలో జీతంలోనో ప్రయాణాల్లోనో కోత పెట్టుకోవాలి.

పేజీ లిమిట్, ఫాంట్ సైజు చిన్న విషయాలు అనుకోకండి, దాటితే కొన్నిచోట్ల చదవకుండానే వెనక్కి పంపేస్తారు.

అంతా అయ్యాక వేరే డిపార్ట్‌మెంట్ వాళ్లకి ఆ మొదటి పేజీ ఇచ్చి, మీరేం చేయబోతున్నారో వాళ్లనే చెప్పమనండి. నీళ్లు నమిలితే మళ్లీ రాయాల్సిందే. ఆ 8 పేజీలు మాత్రం పారేయకండి, రివ్యూ ఆర్టికల్‌కి పనికొస్తాయి.