అది బంగారు రేకు కాదమ్మా

మల్లేశ్వరం, బెంగళూరు

అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఇంటర్వ్యూ రెండుసార్లు చదివాను. ఆ అంతరిక్ష ఇంజనీరు గారు ఎక్కడ పుట్టారో, ఏ బడిలో చదివారో, ఎన్ని సన్మానాలు అందుకున్నారో అన్నీ రాశావు. పొద్దున ప్రయోగశాలకు వెళ్లి ఆయన ఏం చేస్తారో మాత్రం ఎక్కడా కనబడలేదు. నాకు కావలసింది అదే.

చాలా ఏళ్ల కిందట నేనొక వ్యాసంలో ఉపగ్రహానికి బంగారు రేకు చుడతారని రాశాను. అచ్చయిన వారానికే, ఉపగ్రహాల ఉష్ణ నియంత్రణ పని చేసే ఒక తెలుగావిడ ఇంటికి పిలిచారు. కాఫీ ఇచ్చి, పిల్లలు తిని పడేసిన చిప్స్ పొట్లం చింపి లోపలివైపు తిప్పి చూపించారు. "ఈ వెండి మెరుపు ప్లాస్టిక్ మీద పట్టించిన అల్యూమినియం పూతండీ. మేము వాడే పొరకే పసుపు రంగు ఉంటుంది, వెనక ఇలాంటి పూత. పసుపులోంచి వెండి మెరిస్తే మీకు బంగారంలా కనిపించింది" అన్నారు. అలాంటి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి, అవి తాకకుండా మధ్యలో దోమతెరలాంటి వల పరుస్తారట. అంతరిక్షంలో గాలి లేదు కాబట్టి వేడి కిరణాల రూపంలోనో, ఒకదానికొకటి తగిలినచోటో మాత్రమే దాటుతుంది. పొరలు కిరణాలను తిప్పికొడతాయి, వల తగలనివ్వదు. "మేం దీన్ని దుప్పటి అంటాం" అన్నారావిడ. ఆ ఒక్క మాటతో వ్యాసమంతా తిరగరాశాను.

అందుకే చెబుతున్నాను, మాట తెలుగులో మొదలుపెట్టు. వాళ్లు ఇంగ్లీషులోకి వెళ్తే అడ్డు తగలకు. తెల్ల కాగితం, పెన్ను ముందు పెట్టి బొమ్మ గీయమను. గీస్తున్నప్పుడు ఎవరికైనా ఇంటి మాటలే వస్తాయి.

"ఆ రోజు మీకెంత గర్వంగా అనిపించింది?" అని అడగకు. అందరూ ఒకే జవాబు చెబుతారు. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండర్ చందమామ మీద కూలిపోయింది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 క్షేమంగా దిగింది. ఆ నాలుగేళ్లలో ఏం మార్చారో అడుగు. మొదటిసారి దిగడానికి ఎంచుకున్న చోటు అర కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు. రెండోసారి దాన్ని 4 కిలోమీటర్లు, 2.4 కిలోమీటర్లకు పెంచారు. కాళ్లు గట్టిపరిచారు, ఇంధనం ఎక్కువ నింపారు. ఓడిపోయిన రాత్రి నుంచి ఆ అంకెల దాకా ఎలా వచ్చారో చెప్పగలిగినవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు.

అంకెలు మాత్రం రాసుకున్నాక వాళ్లకు చదివి వినిపించు. చెప్పకూడదన్నది తరచి అడగకు.

ఇంకొకటి. 1975లో ఎగిరిన మన మొదటి ఉపగ్రహం ఆర్యభట్టను ఈ ఊళ్లోనే, పీణ్యలోని షెడ్లలో తయారుచేశారు. ఆ పనిలో ఉన్నవాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటాయి. కుర్రవాళ్లు తర్వాతైనా దొరుకుతారు, ముందు వాళ్లింటికి వెళ్లు.

ఈ శనివారం మీ ఇంజనీరు గారి దగ్గరికి మళ్లీ వెళ్లు. ఆయన గీసిన కాగితం నాకూ చూపించు.

మీ బాబాయి