పొద్దెలా పోతుంది?

ప్రశ్న: స్పెయిన్ పల్లెల్లో స్థిరపడ్డ ఇంగ్లిష్ పెద్దవాళ్లకు పొద్దెలా పోతుందండీ?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: నేనున్న హలోన్ సంగతి చెబుతానమ్మా. స్పెయిన్‌లో అలికాంతే ప్రాంతంలోని ద్రాక్షతోటల ఊరు. శనివారం పొద్దున ఏటి పక్కన పాత సామాన్ల సంత. మా పక్కింటావిడ అంచు విరిగిన టీ కప్పు పట్టుకుని అరగంట బేరమాడుతుంది. కొనదు! ఆవిడకు కావలసింది కబుర్లు. స్పెయిన్ వాళ్ల భోజనం రెండు దాటాకే. ఈ ఇంగ్లిష్ వాళ్లకేమో పన్నెండుకే ఆకలి. బ్రెగ్జిట్, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికొచ్చాక, నివాస అనుమతి లేని బ్రిటిష్ వాళ్లు ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండాలి. దాంతో పేకాట జట్టులో ఎప్పుడూ ఒక చెయ్యి తక్కువే. ఏళ్లుగా ఉండి కూడా కొందరు స్పానిష్‌లో కాఫీ తప్ప ఇంకేం అడగలేరు. అదొక్కటే నాకు నచ్చదు.