పంపు దగ్గర మొక్కను అప్పుడే పీకేయకు

అమ్మడూ,

నువ్వు ఫోన్‌లో పంపిన ఫోటో చూశాను. పెరట్లో పంపు కింద ఎప్పుడూ తడిగా ఉండేచోట మొలిచింది తలనూనెకు వాడే గుంటగలగరే అనుకుంటున్నాను. కానీ ఫోటో చూసి ఖాయంగా చెప్పలేను. ఒక కాడ తుంచి వేళ్ల మధ్య నలిపి కాసేపు ఆగు. పచ్చటి రసం నల్లబడి వేలికి మరక పడితే అదే. పువ్వు చొక్కా గుండీ కన్నా చిన్నది, తెల్లగా ఉంటుంది. కాడ కాస్త ఎర్రగా, ఆకు గరుగ్గా ఉంటుంది. పొడవాటి కాడ మీద ఒంటి పువ్వు నిలబడి, మధ్యలో పసుపు ఉంటే అది గడ్డి చామంతి. పొలాల్లో చెయ్యి తెగితే దాని ఆకు నలిపి పెట్టేవాళ్లు, మనకిప్పుడు అది వద్దు.

స్నానాల గది నీళ్లు, మురుగు పారేచోటిది కోయకు. పొలంగట్టు మీదిదైతే కలుపు మందు కొట్టారేమో ముందు అడుగు.

నూనె సంగతి. పావు లీటరు నువ్వుల నూనెకు లీటరు రసం, అంటే నాలుగింతలు. అంత ఆకు ఒక్క రోజులో దొరకదు, అందుకని మొదటిసారి చిన్న గ్లాసు నూనెతో చెయ్యి. ఆకు కడిగి, కొద్దిగా నీళ్లు చిలకరించి నూరి, పాత పంచె గుడ్డలో వేసి పిండు. పిప్పిలోంచి ఒక పిడికెడు ముద్ద తీసి ఉంచుకో. ఇనప మూకుడులో నూనె, రసం, ముద్ద కలిపి సన్నని సెగ మీద పెట్టు. తొందరపడ్డావో, నాలాగే అవుతుంది. పెళ్లయిన కొత్తలో మంట పెంచి పక్కింటావిడతో కబుర్లలో పడ్డాను. అడుగు మాడిపోయింది. ఆ వాసన తలకి పట్టి మూడు రోజులు వదల్లేదు, మీ పెదనాన్న దగ్గరికి రాలేదు.

చిటపటలు ఆగాక అడుగున మడ్డిని గరిటెతో తీసి వేళ్ల మధ్య వత్తిలా నలుపు. చేతికి అంటకుండా వత్తి అయితే పాకం దగ్గరికొచ్చినట్టే. ఆ వత్తిని మంటలో పెట్టు. చిటపటమంటే తేమ ఇంకా ఉంది, మరికాస్త కాగాలి. తేమ మిగిలిన నూనె సీసాలో నాలుగు రోజులకే కంపు కొడుతుంది. చల్లారాక వడకట్టి గాజు సీసాలో పోసుకో.

ఇక నిజం చెప్తున్నాను విను. బట్టతల మీద వెంట్రుకలు మొలుస్తాయని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో. తల చల్లగా ఉంటుంది, జుట్టు నల్లగా నిగనిగలాడుతుంది, నాకు తెలిసింది అంతే. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంటే ముందు రక్త పరీక్ష చేయించుకో, థైరాయిడో రక్తం తక్కువో ఉండొచ్చు.

కామెర్లకు దీని రసం తాగించే అలవాటు ఊళ్లలో ఉంది. మా చిన్నాన్నకు అలాగే పోస్తూ పది రోజులు గడిపారు, ఆసుపత్రికి వెళ్లేసరికి మనిషి బాగా నీరసించిపోయాడు. లోపలికి తీసుకునే సంగతి డాక్టరును అడక్కుండా వద్దు, కడుపుతో ఉన్నప్పుడు అసలే వద్దు.

కాటుక అడిగావు కదా. నూలు గుడ్డను ఈ రసంలో తడిపి నీడన ఆరబెట్టి, మళ్లీ తడిపి ఆరబెట్టి, వత్తి చేసి ఆముదం దీపం వెలిగించాలి. పైన రాగి పళ్లెం బోర్లిస్తే పట్టిన మసిని గీకి, రెండు చుక్కల ఆముదంతో నూరుకోవాలి. మా అమ్మ నా కళ్లకి పెట్టింది, నేను మీ అక్కకి పెట్టాను. కానీ నీ బిడ్డ కళ్లకి మాత్రం వద్దు, డాక్టర్లు వద్దంటున్నారు. దిష్టికైతే పాదానికి చుక్క పెట్టు, చాలు.

కోసేటప్పుడు రెండు మొక్కలు వదిలెయ్యి. గింజ రాలి మళ్లీ వానలకి వాటంతటవే మొలుస్తాయి. మీ ఆయన కలుపంటూ పారతో వస్తే, నేను వచ్చేదాకా ఆగమని చెప్పు.

మీ పెద్దమ్మ