డెర్బీ డ్రా అయితే ఓడిపోయినంత బాధ ఎందుకు?

డెర్బీ (ఒకే ఊరి రెండు టీమ్‌ల మ్యాచ్) 1-1తో డ్రా అయింది, ఒక పాయింటు వచ్చింది, అయినా ఓడిపోయినట్టే ఉంది, ఇది నాకొక్కడికేనా అని అడిగారు. మీకొక్కరికే కాదు. నేను అనంతపురంలో కూర్చుని ఇంగ్లాండ్ టీమ్ లివర్‌పూల్‌ను ఫాలో అవుతుంటాను, ఆ ఊరి మొహం కూడా చూడలేదు, అయినా అదే ఊరి ఎవర్టన్‌తో డ్రా అయిన మర్నాడు ఇంట్లో నా జోలికి ఎవరూ రారు. సూటిగా చెప్తున్నా, డెర్బీలో చెరిసగం అనేది ఉండదు. చివరి గోల్ ఎవరు కొడితే వాళ్ళు గెలిచినట్టు, రెండోవాళ్ళు ఓడినట్టు. చెరొక పాయింటు వేసేది పట్టిక రాసేవాళ్ళు మాత్రమే.

మా ఊళ్ళో ఫుట్‌బాల్ అంటే ముందు గుర్తొచ్చేది ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ గ్రౌండ్. ఆ సంస్థ పెట్టిన ఫాదర్ ఫెర్రర్‌ది బార్సిలోనా కాబట్టి, స్పెయిన్ నుంచి వచ్చేపోయేవాళ్ళు ఎక్కువ కాబట్టి, ఇక్కడ పిల్లల ఒంటిమీద బార్సా, రియల్ మాడ్రిడ్ జెర్సీలే కనిపిస్తాయి. నాకు మాత్రం 2005లో ఇస్తాంబుల్‌లో జరిగిన చాంపియన్స్ లీగ్ ఫైనల్ చూశాక లివర్‌పూల్ పట్టుకుంది. హాఫ్ టైమ్‌కు మిలాన్ 3-0, తర్వాత 3-3, ఆపైన పెనాల్టీల్లో లివర్‌పూల్‌కు కప్పు. (లెక్క ప్రకారం అదీ డ్రానే. ఆ డ్రాకు ఏడ్చినవాళ్ళు మిలాన్‌లో ఉన్నారు.)

లివర్‌పూల్, ఎవర్టన్ గొడవ తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. ఎవర్టన్ మొదట ఆడింది ఆన్‌ఫీల్డ్‌లోనే. అద్దె దగ్గర జాన్ హౌల్డింగ్‌తో తేడా వచ్చి 1892లో లేచి గుడిసన్ పార్క్‌కు పోయారు, ఖాళీ అయిన గ్రౌండ్ కోసం హౌల్డింగ్ పెట్టిన టీమే లివర్‌పూల్. 2025 దాకా ఎవర్టన్ అక్కడే ఆడింది. రెండు గ్రౌండ్లకూ మధ్య ఒక పార్కు, మన టవర్ క్లాక్ నుంచి సప్తగిరి సర్కిల్‌కు నడుచుకుంటూ పోయినట్టే. ఒకే ఇంట్లో అన్న ఎరుపు (లివర్‌పూల్), తమ్ముడు నీలం (ఎవర్టన్). అలాంటి చోట మ్యాచ్ అయిపోయాక రేపు పొద్దున ఎవరి మొహం చూడాలి అనేదే అసలు టెన్షన్, పాయింట్లు తర్వాత.

ఇప్పుడు నన్ను బాగా కాల్చిన డ్రా గురించి. 2025 ఫిబ్రవరి 12, గుడిసన్‌లో ఆఖరి డెర్బీ. అసలు డిసెంబర్‌లో జరగాల్సింది, తుఫాను వల్ల వాయిదా పడింది. మనకు రాత్రి ఒంటిగంటకు మొదలు. ఇంట్లో అందరూ పడుకున్నారు, చెవుల్లో ఇయర్‌ఫోన్స్, అరవడానికి లేదు. 11వ నిమిషంలో ఎవర్టన్ బేటో కొట్టాడు, అయిదు నిమిషాల్లో మా మాక్ అలిస్టర్ హెడ్ చేసి సమం చేశాడు. 73వ నిమిషంలో మా సలా. అప్పుడు దుప్పటి నోట్లో కుక్కుకుని అరిచాను. అక్కడి నుంచి గడియారం కదిలితే ఒట్టు. 90 నిమిషాల మీద కలిపే ఇంజురీ టైమ్ నడుస్తూనే ఉంది, 98వ నిమిషంలో బాక్స్‌లో బంతి ఎగిరెగిరి పడి, ఎవర్టన్ డిఫెండర్ టార్కోవ్‌స్కీ కాలికి వచ్చింది. కింద పడనివ్వకుండా గాల్లోనే ఒక్క వాలీ, పై మూలకు. మా గోల్‌కీపర్ అలిసన్ అయితే ఏం చేస్తాడు, ఎవరున్నా ఏం చేస్తారు. జనం గ్రౌండ్లోకి దూకేశారు. ఆ తర్వాత వీఏఆర్ చెక్, అంటే గోల్ చెల్లుతుందా అని వీడియోలో చూడడం. అదైతే మరీ దారుణం, ఎందుకంటే ఆశ చచ్చాక మళ్ళీ లేపి, స్క్రీన్ ముందు చేతులు కట్టుకుని కూర్చోబెట్టి, మళ్ళీ చంపుతారు. గోల్ ఇచ్చేశారు, 2-2. విజిల్ అయ్యాక ఎవర్టన్ డూకూరే మా ఫ్యాన్స్ ముందుకు పోయి సంబరం చేశాడు, మా కర్టిస్ జోన్స్ అతని మీదికి పోయాడు, ఇద్దరికీ రెడ్ కార్డు. రెఫరీతో మాటలకు పోయి మా కోచ్ స్లాట్‌కూ రెడ్.

వెంటనే ఫోన్ మోగింది. మా బావది ధర్మవరం, ఆర్సెనల్ పిచ్చి. "ఏం బామ్మర్దీ, నిద్ర పడుతుందా?" అని మెసేజ్. ఆ రోజుకు రెండో ప్లేస్‌లో ఉన్నది వాళ్ళే మరి. "బావా, ఏడు పాయింట్లు ముందున్నాం, చూసుకో" అని కొట్టాను. నిజమే, ఆ పాయింటుతో తేడా ఆరు నుంచి ఏడైంది. నిద్ర మాత్రం పట్టలేదు.

అయితే ఇక్కడే నేను వేరుగా చూస్తాను. ఆ డ్రా వల్ల మాకు పోయిందేం లేదు. ఏప్రిల్ 27న టాటెన్‌హామ్‌ను 5-1తో కొట్టి, ఇంకా నాలుగు మ్యాచ్‌లు ఉండగానే మావాళ్ళు ప్రీమియర్ లీగ్ గెలిచారు. చివరికి మాకు 84, బావవాళ్ళకు 74. అదీగాక గుడిసన్‌లో జరిగిన 120 డెర్బీల్లో చెరి 41 గెలిచి, ఆఖరి దాంతో 38 డ్రాలయ్యాయి. అంతకాలం కొట్టుకుని ఇద్దరూ సమానంగా బయటపడ్డారు! టార్కోవ్‌స్కీ గోల్ ఇప్పుడు వీడియోలో వస్తే దాటేయను, మంచి గోల్ అని చూస్తాను. 

దాటేసేది 2019 మార్చి 3 మ్యాచ్. అదీ గుడిసనే, 0-0. ఎవరూ కొట్టలేదు, గొడవల్లేవు, రెడ్ కార్డుల్లేవు. సలా ఒంటరిగా దూసుకుపోయి కొట్టిన బంతిని ఎవర్టన్ గోల్‌కీపర్ పిక్‌ఫర్డ్ ఆపేశాడు. మ్యాచ్ అయ్యాక పెద్దగా బాధ కూడా కాలేదు, సరేలే అనుకుని భోంచేసి పడుకున్నా. అదే సీజన్‌లో డిసెంబర్ డెర్బీ కూడా 0-0 అనుకుంటుండగా 96వ నిమిషంలో మా డివాక్ ఒరిగి గోల్ కొట్టి గెలిపించి ఉన్నాడు కదా, ఆ ఊపు ఇంకా ఉండింది. కానీ ఆ 0-0 తర్వాత మాంచెస్టర్ సిటీ ఒక్క పాయింటు ముందుకు పోయింది. ఆపైన మిగిలిన తొమ్మిది మ్యాచ్‌లూ మావాళ్ళు గెలిచారు, సిటీ కూడా వరసగా గెలిచింది, ఆ ఒక్క పాయింటు అలాగే ఉండిపోయింది. సిటీకి 98, మాకు 97. లీగ్ సీజన్ మొత్తంలో ఒక్క ఓటమి, అయినా లీగ్ టైటిల్ లేదు. సలాది లోపలికి పోయి ఉంటే 99 అని ఇప్పటికీ ఎవరైనా లెక్క తీస్తే నేను లేచి వెళ్ళిపోతాను.

కాబట్టి మీకు నేను చెప్పేదల్లా, ఇవాళ్టి మంటను చూసి ఆ డ్రా ఎంత చెడ్డదో తేల్చకండి, మే నెల దాకా ఆగి పట్టిక చూడండి. అప్పటిదాకా అవతలి టీమ్ చుట్టాలున్న వాట్సాప్ గ్రూపులను మ్యూట్‌లో పెట్టండి, నేను ధర్మవరం గ్రూపును అలాగే ఉంచాను. ఇంతకూ మీరు 1-1 అన్నారు గానీ ముందు కొట్టింది ఎవరో, సమం చేసింది ఎవరో రాయలేదు. సమం చేసింది మీవాళ్ళే అయితే ఈ బాధ నాకర్థం కావడం లేదు, వివరంగా రాయండి.