పంపు ఆపేస్తే ప్రకంపనలు ఆగిపోతాయా?

"భూమి లోపలి వేడిని వాడుకునే జియోథర్మల్ బావిలోకి నీళ్లు ఎక్కించేటప్పుడు చుట్టూ సెన్సర్లు ఉంటాయి కదా, కాస్త పెద్ద ప్రకంపన రాగానే పంపు ఆపేస్తే సరిపోదా?" అని ఒకరు అడిగారు.

సరిపోదండి. ఇలాంటి ఒక సైట్‌లో ప్రకంపనల డేటా చూసే షిఫ్టుల్లో పనిచేశాను. పంపు నడుస్తున్నప్పటి కంటే, ఆపిన తర్వాతి గంటల్లోనే మాకు గుబులు ఎక్కువ.

లోతున రాతిలో పాత పగుళ్లు ఉంటాయి. వాటి రెండు ముఖాలూ గట్టిగా అదుముకుని ఉంటాయి కాబట్టే జారవు. నీటి పీడనం ఆ సందులోకి చేరితే పట్టు సడలుతుంది, భూమిలో ముందునుంచే పేరుకున్న ఒత్తిడి మిగతా పని చేస్తుంది. పంపు ఆపితే బావి దగ్గర పీడనం పడిపోతుంది. కానీ అప్పటికే రాతిలోకి వెళ్లిన పీడనం దూరపు పగుళ్ల వైపు పాకుతూనే ఉంటుంది.

స్విట్జర్లాండ్‌లోని బాసెల్ చూడండి. 2006 డిసెంబర్ 2న సుమారు 5 కి.మీ. లోతు బావిలోకి ఎక్కించడం మొదలుపెట్టారు. ప్రకంపనలు పెరగడంతో 8న ఆపేశారు. 3.4 తీవ్రత గలది వచ్చింది ఆపేశాక, కొన్ని గంటలకు! 2007 జనవరి, ఫిబ్రవరిల్లో కూడా 3 దాటినవి వచ్చాయి. దక్షిణ కొరియాలోని పోహాంగ్‌ది ఇంకా ఘోరం. చివరి ఇంజెక్షన్ 2017 సెప్టెంబర్‌లో ముగిసింది, సుమారు 5.5 తీవ్రత భూకంపం నవంబర్ 15న వచ్చింది. దానికి ఆ ప్రాజెక్టే ప్రేరణ అని ప్రభుత్వం వేసిన నిపుణుల బృందం 2019లో తేల్చింది.

అందుకే ప్రకంపన తీవ్రతకు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అని హద్దులు పెట్టి, ఎరుపు దాటితే పంపు ఆపే ట్రాఫిక్ లైట్ పద్ధతిలో, ఎరుపు గీత మీరు భయపడే తీవ్రత దగ్గర ఉంటే లాభం లేదు, దానికి చాలా కింద ఉండాలి. 2018లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి దగ్గర 6.1 కి.మీ. బావిలో 49 రోజుల పాటు సుమారు 18,000 ఘనపు మీటర్ల నీళ్లు ఎక్కించారు. ఎరుపు గీత 2.1. వచ్చినవాటిలో పెద్దది 1.9. వచ్చే ప్రకంపనలను బట్టి ఎప్పటికప్పుడు పంపు వేగం తగ్గిస్తూ, మధ్యలో విరామాలిస్తూ నడిపారు. అక్కడి రాయి కూడా సహకరించి ఉంటుందని నా అభిప్రాయం. అదే పద్ధతి ప్రతిచోటా అదే ఫలితం ఇస్తుందని నేనైతే హామీ ఇవ్వను.

ఇక అసలు పని. జనం పెద్ద ప్రకంపన అంకె అడుగుతారు, మేం చూసేది మాత్రం ఎవరికీ తెలియని చిన్నవాటిని. తెర మీద ఒక్కో ప్రకంపన ఒక చుక్క. చుక్కలు బావి చుట్టూ గుంపుగా పరుచుకుంటుంటే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. ఒక పలకలా వరుస కడుతున్నాయంటే అక్కడ పెద్ద భ్రంశం, అంటే రాయి జారగల పెద్ద పగులు, ఉన్నట్టు అనుమానించాలి. ఇంకొకటి: మామూలుగా తీవ్రత ఒక అంకె పెరిగితే ప్రకంపనల సంఖ్య పదో వంతు అవుతుంది. చిన్నవాటితో పోలిస్తే పెద్దవి అంతకంటే ఎక్కువ పాళ్లలో కనిపిస్తున్నాయంటే మంచి సూచన కాదు.

ఆ చిన్నవి దొరకాలంటే ఉపరితలం మీది సీస్మోమీటర్లు చాలవు. లారీలు, గాలి, ఆఖరికి మా పంపులే వాటి చెవులు మూసేసేవి. కొన్ని వందల మీటర్ల బోర్లలో దింపిన జియోఫోన్లే (నేల కదలికను పట్టే సెన్సర్లు) మాకు దిక్కు. బావికి నేరుగా పైన, దగ్గరలో స్టేషన్ లేకపోతే లోతు లెక్క దాదాపు ఊహే. సాఫ్ట్‌వేర్ దానంతటది గుర్తించిన తరంగాల రాకను కూడా మనిషి మళ్లీ చూడాలి, కొన్ని మిల్లీసెకన్ల తేడాకే చుక్క పక్కకు జరిగిపోతుంది.

మీ దగ్గర ఇలాంటి ప్రాజెక్టు వస్తుంటే, ఎన్ని సెన్సర్లు అని కాకుండా, ఎక్కించడానికి ఎన్ని నెలల ముందునుంచి సహజ ప్రకంపనలు నమోదు చేస్తున్నారు అని అడగండి. అది లేకపోతే తర్వాత ఏది ఎవరి వల్ల వచ్చిందో తేలదు. బావి మూశాక సెన్సర్లు ఎంతకాలం ఉంచుతారో కూడా రాతపూర్వకంగా తీసుకోండి. ఖర్చు తగ్గించాలన్నప్పుడు ముందు వాటినే పీకేస్తారు.