కళ్లజోడు తుడుచుకున్న మనిషి

మహారాణిపేట,
విశాఖపట్నం.

అమ్మా,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. భాష బాగుంది, మాటల్లో మన గాజువాక యాస ఎక్కడా తడబడలేదు. ఇక రాత్రి నన్ను నిద్రపోనివ్వని సంగతికి వస్తాను.

నీ కథలో అమ్మాయి వాళ్ల నాన్నతో కలిసి జగదాంబలో ఫస్ట్ షోకి వెళ్తుంది. తెరమీద హీరోయిన్ ఇంట్లోవాళ్లకి ఎదురు తిరుగుతుంది. "ఆమె నేనే" అని ఆ అమ్మాయి మూడుసార్లు అనుకుంటుంది: ఇంటర్వెల్లో ఒకసారి, క్లైమాక్సులో ఒకసారి, ఇంటికొచ్చాక అద్దం ముందు ఒకసారి. అక్కడితో కథ అయిపోయింది. కానీ నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది. తెరమీద తండ్రి కూతురి ఉద్యోగం ఆర్డరు చింపేస్తుంటే, పక్క సీట్లో నాన్న కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడని రాశావు. ఆ వెంటనే పాప్‌కార్న్ సంగతిలోకి వెళ్లిపోయావు.

కథ అక్కడే ఉందమ్మా. హైదరాబాదులో ఉద్యోగం వస్తే ఆ నాన్నే పంపలేదని రెండో పేజీలో నువ్వే చెప్పావు. స్టీల్ ప్లాంటులో షిఫ్టు దిగి, కూతురు అడిగిందని అలసట కూడా చూసుకోకుండా సినిమాకి తీసుకొచ్చిన మనిషి. హాలంతా తిట్టిపోస్తున్న ఆ తండ్రిలో తనని తాను చూసుకున్నాడు. అంత గొప్ప సంగతి నీ కంటపడింది, నీ కలం దాన్ని దాటిపోయింది. అందుకే నాకు కోపం వచ్చింది.

హీరోలో మనల్ని మనం చూసుకోవడానికి కష్టమేమీ లేదు. 1953లో దేవదాసు వచ్చాక మన దగ్గర ఎంతమంది కుర్రాళ్లు తామే దేవదాసులమనుకుని తిరిగారో మా పెద్దవాళ్లు చెప్పేవారు. ఆ పెళ్లి కాదన్న జమీందారు తండ్రిని నేనే అని ఒక్కరైనా అన్నారా? అలాంటి తండ్రులు ప్రతి వీధిలోనూ ఉన్నారు కదా. కన్యాశుల్కం 1897లో అచ్చయింది. ఇన్నేళ్లుగా గిరీశాన్ని చూసి నవ్వుతున్నాం, పక్కింటివాడు అచ్చం గిరీశమే అంటున్నాం. నాలో గిరీశం ఉన్నాడని అన్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. రాసేవాడు మొదట ఆ మాట అనగలగాలి.

నా సంగతి చెప్తాను. 1974లో ఇక్కడే ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఒకరోజు నేను కట్టిన బిల్లులో మొత్తం తప్పింది. ఆఫీసరు ఆ కాగితం తెచ్చిచ్చిన అటెండరు మీద పడ్డాడు. యాభై ఏళ్ల మనిషి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తప్పు నాదని నాకు తెలుసు. తల వంచుకుని పెన్నులో ఇంకు పోస్తూ కూర్చున్నాను. అది అప్పటికే నిండి ఉంది. ఇంకు పొంగి వేళ్లమీదికి కారుతున్నా తల ఎత్తలేదు.

ఆ వారమే లైబ్రరీ నుంచి అల్పజీవి నవల తెచ్చుకున్నాను. అందులో సుబ్బయ్య ఎంత పిరికివాడో తెలుసు కదా నీకు. ఇరవై పేజీలు చదివేసరికి చెమటలు పట్టాయి, పుస్తకం గోడకేసి కొట్టాను. తెల్లవారుజామున లేచి, ఊడిన అట్ట సర్దుకుని మళ్లీ చదివాను. అది రాసిన రావిశాస్త్రి గారు ఈ ఊళ్లోనే వకీలు. 1993 వరకూ ఉన్నారు. ఒక్కసారి వెళ్లి "మీ సుబ్బయ్య నేనేనండీ" అని చెప్పుకోవాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ధైర్యం చాలలేదు. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

తర్వాత ఆ ఇంకు సంగతే కథగా రాసి ఒక వారపత్రికకి పంపాను. ఇలాంటి పిరికివాడిలో పాఠకుడు తనని తాను చూసుకోడని, చివర్లో లేచి తప్పు ఒప్పుకునేలా మార్చమని ఎడిటరు ఉత్తరం రాశాడు. మార్చాను. అచ్చయింది. ముప్పై రూపాయలు మనియార్డరు వచ్చింది, అమ్మకి చీర కొన్నాను. ఆ కథని మాత్రం ఇంతవరకూ ఏ సంపుటిలోనూ వేసుకోలేదు. ఇప్పటివాళ్లు "పాఠకులు కనెక్ట్ అవ్వాలి" అంటున్నారు. అదే మాట, చొక్కా మార్చుకుని వచ్చింది. అందరికీ సరిపోవాలని పాత్రకి ఊరు తీసేస్తారు, కులం తీసేస్తారు, జీతం ఎంతో చెప్పరు, చేసిన తప్పు కడిగేస్తారు. మిగిలినదాంట్లో చూసుకోవడానికి ఏముంటుంది?

పాఠకుడు తనని ఎక్కడ చూసుకుంటాడో మనం ముందే చెప్పలేం. ఆ కథ వచ్చిన చాలా ఏళ్లకి ఆర్టీసీ కాంప్లెక్సులో ఒకాయన నన్ను ఆపాడు. "మీ కథలో బస్సు టికెట్టు నాలుగు మడతలు పెట్టి వాచీ బెల్టు కింద దోపుకునేవాడు నేనేనండీ" అని చెయ్యి చూపించాడు. నిజంగానే టికెట్టు ఉంది, చెమటకి తడిసి మెత్తబడి. ఆ మనిషి కథలో రెండు వాక్యాలు ఉంటాడు, అంతే. చివర్లో లేచి నిలబడి తప్పు ఒప్పుకున్న హీరో ఆయనకి గుర్తు కూడా లేడు. ఆ టికెట్టు మడత నేను బస్సులో చూసి రాసింది. ఒప్పుకోలు ఎడిటరు కోసం రాసింది.

కాబట్టి "ఆమె నేనే" అన్న మూడుచోట్లా కొట్టెయ్యి. అద్దం సీను పూర్తిగా తీసెయ్యి. పాప్‌కార్న్ కూడా. నీ అమ్మాయి ఆ చీకట్లో నాన్న వైపు చూసిందా, చూసి మళ్లీ తెరవైపు తిరిగిందా? తిరిగితే ఎందుకు తిరిగిందో రాయి. ఆ సమయానికి తను గెలిచినట్టు అనిపించి ఉంటే అది కూడా రాయి, సిగ్గనిపించినా సరే. నువ్వు ఒప్పుకోలేని చోటే నా వేలు పెడుతున్నానని తెలుసు.

కలం పేరు గురించి, పోటీల గురించి అడిగావు. ఈ కథ అయ్యాక చూద్దాం.

ఒక్కటి మాత్రం ఈ వారంలోనే రాసి పంపు. సినిమా వదిలాక ఇద్దరూ గాజువాక బస్సెక్కారని, కిటికీ పక్కన నాన్న కూర్చున్నాడని రాశావు. ఊరు చేరడానికి చాలాసేపు పడుతుంది. ఆయన ఏమైనా మాట్లాడాడా?

ఆశీస్సులతో,
మీ పెద్దాయన